దీపాల వేళ తలుపు

తలుపులను తన్నడం నా పనిలో భాగం. నవ్వులాటకు అనడం లేదు. ఒక అంగడికి వేలిముద్రతో తెరుచుకునే తాళం బిగించి, ఆ తాళాన్ని ఎక్కడో పట్నంలో కూర్చుని చూసే అలారం సాఫ్ట్‌వేర్‌కు కలిపాక, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయో లేదో తెలియాలంటే దొంగ చేసే పని మనమే చేసి చూడాలి. గట్టిగా తంతే తలుపు పైనున్న అయస్కాంతం పట్టు వదలాలి, అంగడి మీది సైరన్ మోగాలి, అర నిమిషంలో పట్నం నుంచి ఫోను రావాలి. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నేను తన్నిన తలుపులు చాలానే ఉన్నాయి. కోపం ముక్కు మీదుండే మనిషిని కాబట్టి ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది.

గిద్దలూరులో ఆ నగల అంగడి తలుపును మాత్రం తన్ననివ్వలేదు. యజమాని భార్య అడ్డం వచ్చింది. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కాలితో తన్నే తలుపు కాదు, కావాలంటే భుజంతో తోసుకో అంది. భుజంతోనే గుద్దాను. రెండుసార్లు గుద్దితే రాలేదు. మూడోసారి ఒళ్లు మండి గుద్దితే తలుపు ఊడొచ్చినంత పని అయింది, సైరన్ బజారంతా వినపడేలా అరిచింది, నా భుజం కమిలిపోయింది. ఆమె చెవులు మూసుకుని నవ్వింది. తర్వాత కాఫీ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. ఆమె భర్త నాకు అన్న అయ్యాడు. మా వైపు పనికి పోయిన ఇంట్లో వరస కలుపుకోకుండా గోడకు మేకు కూడా కొట్టం.

అంగడి వాళ్ల నాయన పెట్టింది. మొదట ఇత్తడి సామాన్లు అమ్మేవాడట. తర్వాత వెండి, ఆ తర్వాత బంగారం. కింద అంగడి, పైన ఇల్లు. కౌంటరు వెనక ఒక చిన్న తలుపు, అది తీస్తే ఇంట్లోకి మెట్లు. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ రెండేళ్లు కలిసే నడిపారు. మూడో ఏడు చిన్నవాడు అంగడి మధ్యలో గోడ కట్టి చెరిసగం చేద్దామన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి ఒక మధ్యాహ్నం చిన్నవాడు అన్న జుట్టు పట్టుకుని తలను అద్దాల కౌంటరుకేసి కొట్టాడు. ఎనిమిది కుట్లు పడ్డాయి. నగలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు వదిలేసి బయటికి పరుగెత్తారట. పరువు పోతుందని పోలీసులకు చెప్పలేదు. కుట్లు విప్పకముందే నాకు ఫోను చేశారు.

పని మొదలుపెట్టిన రోజు ఇంట్లో అందరి వేలిముద్రలూ ఎక్కించాను. నాకు ముందు ఎవరో బిగించిన చిన్న తాళంలో తమ్ముడి వేలు కూడా ఉంది. దాన్ని కొత్తదాంట్లోకి తేవాలా, తీసేయాలా అని అడిగాను. అక్క భర్త ముఖం వైపు చూసింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిదికి ఆరేళ్లు, అత్త లేదు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది, జుట్టు పెరిగితే తనే కత్తిరించి బడికి పంపింది. ఇవన్నీ ఆమె చెప్పలేదు, తర్వాత ఊళ్లో వాళ్లు చెప్పారు. అన్న తల మీది కట్టు సర్దుకుంటూ తీసెయ్ అన్నాడు. తీసేశాను. దానికి ఒక్క నొక్కు చాలు.

మరునాడే ఆ తమ్ముడు వచ్చాడు. నేను ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాను. తలుపు మీద కుడి బొటనవేలు పెట్టాడు, ఎర్ర లైటు వెలిగింది. తుడుచుకుని మళ్లీ పెట్టాడు, ఎరుపే. ఎడమ చెయ్యి, చూపుడు వేలు, మధ్యవేలు, వరసగా పదీ పెట్టాడు. బజారు మొత్తం చూస్తోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. ఆ నవ్వు గురించి నన్నెవరూ అడగలేదు గానీ చెప్పాల్సింది నేనే. వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. రోడ్డు దాటి వచ్చి నా కాలరు పట్టుకుని తలను పక్కనున్న షట్టరుకేసి రెండుసార్లు బాదాడు. నా కళ్ల ముందు మెరుపులు తిరిగాయి. చేతికందిన హెల్మెట్‌తో వాడి మూతి మీద కొట్టాను. పన్ను ఊడి వాడి చొక్కా మీద పడింది. జనం ఇద్దర్నీ చెరో వైపు లాగారు.

రక్తం ఉమ్ముతూ వాడు నాతో కాదు, మూసిన తలుపుతో అన్నాడు.

"మా నాయన కట్టిన గుమ్మంలో నా వేలు చెల్లదా?"

నాకు జాలి కలగలేదు. మూడు రోజులు తల వాచి ఉంది, జాలి ఎక్కడి నుంచి వస్తుంది? వాడు మళ్లీ వస్తే ఆ తలుపు ముందే పడి చావాలనుకున్నాను. అందుకే ఆ పని మామూలు కంటే శ్రద్ధగా చేశాను. తాళాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డును సాఫ్ట్‌వేర్‌కు కలిపి, ఏ సంగతి జరిగితే పట్నానికి ఏ కబురు పోవాలో ఒక్కొక్కటే రాశాను. తలుపు పగలగొడితే ఒక కబురు. తప్పు వేలు వరసగా పెడితే ఒక కబురు. తలుపు రెండు నిమిషాలు దాటి తెరిచి ఉంటే ఒక కబురు. నాలుగోది కౌంటరు కింద అక్క చేతికందేలా బిగించిన ఎర్ర బటన్. ఆపద వస్తే నొక్కడానికి. దాని వైరు విడిగా అలారం పెట్టె దాకా లాగాలి. అంటే గోడ తొలచాలి, మళ్లీ పూయాలి. తాళం బోర్డులో వైరు దూర్చే గుంట ఒకటి ఖాళీగా ఉంది. బటన్ వైరును అందులోనే దూర్చాను. కబురు ఎట్లైనా పోతుంది కదా అనుకున్నాను. పోయింది కూడా. ఆ రోజు పరీక్షించినప్పుడు సైరన్ మోగింది, ఫోను వచ్చింది.

అసలు గొడవ సాయంత్రాలతో మొదలైంది. దీపాలు పెట్టే వేళ వాళ్లు వాకిలి మూయరు. ఆ ఒక్క గంట లక్ష్మి లోపలికి వస్తుందని, తలుపు మూస్తే ఆమె మొహాన వేసినట్టేనని నమ్మకం. తాత ముత్తాతల నాటి నుంచీ అంతే. ఆరు కాగానే అక్క తలుపు బార్లా తీసి, ఇత్తడి సామాన్ల కాలం నాటి అయిదు కిలోల తూకపు రాయి అడ్డం పెట్టి, దీపం వెలిగించి సాంబ్రాణి వేసేది. ఆ బజారులో అన్ని అంగళ్లూ అంతే. కానీ పట్నంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు లక్ష్మి సంగతి తెలియదు. రెండు నిమిషాలు కాగానే సైరన్ కూసేది, పట్నం నుంచి ఒకమ్మాయి ఫోను చేసి రహస్యపు మాట చెప్పమనేది. దేవుడి ముందు చేతులు జోడించిన మనిషి ఫోనెత్తి, పొరపాటమ్మా పొరపాటు అనాలి. రోజూ ఇదే తంతు.

ఇరవై రోజులు ఓర్చుకున్నారు. ఇరవై ఒకటో రోజు పొద్దున నేను పెద్దారవీడులో ఒక గోడౌను గోడకు నిచ్చెన వేసుకుని కెమెరా బిగిస్తున్నాను. మే నెల ఎండ, గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ముందు పట్నం అమ్మాయి ఫోను చేసింది. ఇట్లాగే ఉత్త అలారాలు వస్తుంటే ఆ గిద్దలూరు అంగడికి ఫోను చేయడం మానేస్తాం సార్ అని మర్యాదగానే చెప్పింది. అది పెట్టగానే అన్న చేశాడు. ఆయన మర్యాదగా చెప్పలేదు.

"నా ఇంట్లో దీపం పెట్టేదానికి పట్నంలో ఎవరో పర్మిషన్ ఇయ్యాల్నా? ఇదేం యాపారమబ్బయ్యా, పీకి పారేయి."

నేనూ అరిచాను. తలుపు తెరిచి పెట్టుకునేదానికి తాళం ఎందుకు కొన్నారని అడిగాను. ఆయన ఇంకో మాట అన్నాడు, నేను ఇంకో మాట అన్నాను. నిచ్చెన మీది నుంచే చేతిలోని స్క్రూడ్రైవర్ విసిరికొడితే అది పోయి కింద రేకుల మీద పడింది. ఆ కోపంలోనే ఫోన్లో సాఫ్ట్‌వేర్ తెరిచాను. సరిగా చేయాలంటే నాలుగు కబుర్లలో తలుపు తెరిచి ఉన్న సంగతి ఒక్కదాన్నే వెతికి పట్టుకుని, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా దాన్ని మాత్రం ఆపాలి. అయిదు నిమిషాల పని. నేను బొటనవేలితో ఆ తాళం బోర్డు మొత్తాన్నే ఎంచి, ఆరు నుంచి ఏడు దాకా సైరన్‌కు గానీ పట్నానికి గానీ ఏ కబురూ పంపొద్దని పెట్టేశాను. పది సెకన్లు పట్టింది. బటన్ వైరు అదే బోర్డులో ఉందన్న సంగతి నాకు గుర్తు రాలేదు. కిందికి దిగి స్క్రూడ్రైవర్ ఏరుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాను.

ఆ తర్వాత సాయంత్రాలు చల్లగా గడిచాయి. అన్న తనే ఫోను చేసి, కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఇప్పుడు బాగుంది అన్నాడు.

నెల తిరగకుండా తమ్ముడు మళ్లీ వచ్చాడు. ఎప్పుడు రావాలో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు, చిన్నప్పుడు సాంబ్రాణి ధూపం పట్టుకుని అంగడంతా తిరిగినవాడు. ఆ గంటలో ఆ గుమ్మానికి ఎవరి వేలూ అక్కర్లేదు.

నాకు కబురు తెలిసేసరికి ఏడున్నర. పక్క బట్టల దుకాణం ఆయన ఫోను చేశాడు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా బండి ఎట్లా తోలానో నాకు తెలియదు. నేను పోయేసరికి అన్ననూ అక్కనూ అంబులెన్సులో ఒంగోలు తీసుకుపోయారు. అంగడి నిండా గాజుముక్కలు, రక్తం. గడప మీది కుంకుమకు, రక్తానికి తేడా తెలియడం లేదు. ఎస్సై నాకోసమే చూస్తున్నాడు. కెమెరాల్లో ఉన్నది కాపీ చేసి ఇమ్మన్నాడు. వెనక గదిలో కూర్చుని అంతా చూశాను. చూడక తప్పలేదు.

ఆ బొమ్మల్లో శబ్దం లేదు. ఆరు నలభై రెండుకు వాడు ఇంకో ఇద్దరితో లోపలికొచ్చాడు. ముగ్గురి చేతుల్లో ఇనప రాడ్లు. అన్న దేవుడి పటం వైపు తిరిగి ఉన్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. ఆయన తిరిగేలోపు రెండోది భుజం మీద, మూడోది తల మీద. కౌంటరు మీద బోర్లా పడిపోయాడు. మిగతా ఇద్దరూ అద్దాలు పగలగొడుతున్నారు. అక్క కౌంటరు లోపలి వైపు నిలబడి ఉంది. ఇంట్లోకి పోయే చిన్న తలుపు ఆమె వెనక మూడడుగుల్లో తెరిచే ఉంది. గడియ వేసుకుంటే బలమైన తలుపు. ఆమె పోలేదు. ఎడమ చెయ్యి కౌంటరు కిందికి పోయింది. తల ఎత్తి సైరన్ ఉన్న వైపు చూసింది. చిన్నవాడు పడి ఉన్న అన్న తల మీదికి మళ్లీ రాడ్డు ఎత్తాడు. ఆమె కుడి చెయ్యి చాచి భర్త తల మీద అడ్డం పెట్టింది. రాడ్డు చేతి మీద పడింది. వాడు ఒక్క క్షణం ఆగాడు. ఎవరి చెయ్యో వాడికి తెలుసు. తెలిసీ మళ్లీ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చెయ్యి మణికట్టుకూ మోచేతికీ మధ్యలో వంగకూడని చోట వంగింది. ఆమె దాన్ని తీయలేదు. ఎడమ చెయ్యి కౌంటరు కింది నుంచి బయటికి రాలేదు. బయట రోడ్డు మీద మనుషులు ఆగి చూసి పోతున్నారు, అన్నదమ్ముల గొడవే కదా అనుకుని. నాలుగు నిమిషాల తర్వాత వాళ్లు ముగ్గురూ వెళ్లిపోయారు.

ఆమె ఎందుకు మెట్లెక్కి పోలేదో నాకు అర్థం కాలేదు.

పక్కనే ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచాను. అందులో ఆ సాయంత్రం లెక్క ఉంది. ఆరు నలభై మూడు, ఆపద బటన్, వచ్చింది, పంపలేదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ ఇరవై సెకన్లకోసారి కబురు పుడుతుంది. మళ్లీ అదే. మళ్లీ అదే. పదకొండు వరసలు. ప్రతి వరస చివరా ఎందుకు పంపలేదో కూడా రాసి ఉంది, ఆరు నుంచి ఏడు దాకా ఆపమన్నారు కాబట్టి. ఆపమన్నదెవరో నా లాగిన్‌తో సహా ఉంది.  ఎస్సై వచ్చి వెనక నిలబడి సైరన్ ఎందుకు మోగలేదని అడిగాడు. తెర మీద ఉన్నది ఆయనకు అర్థం కాదని నాకు తెలుసు. ల్యాప్‌టాప్ మూసి, పట్నం కంపెనీ వాళ్లను అడగాలి సార్ అన్నాను.

నాలుగు రోజులు ఆ అబద్ధం మీదే బతికాను. చిన్నవాడిని మరునాడు పొద్దునే బేస్తవారిపేట దగ్గర పట్టుకున్నారు. తల కట్టుతో ఆస్పత్రిలో ఉన్న అన్న పట్నం అమ్మాయికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాడట. ఆమె నాకు చేసింది. మా వైపు ఏ కబురూ రాలేదు సార్, సంజాయిషీ రాయమంటున్నారు, మీరైనా చెప్పండి అని ఏడ్చింది. చూసి చెప్తానన్నాను. ఫోను పెట్టేసి ఇంటి గోడను పిడికిలితో గుద్దాను. మాది పలక రాళ్లు పేర్చి కట్టిన గోడ. వేళ్ల చర్మం లేచిపోయింది. మా ఆవిడ ఏమైందని అడిగితే ఆమె మీద కూడా అరిచాను. అందరి మీదా కోపం వచ్చింది. తలుపు మూయని వాళ్ల మీద, రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ల మీద, ఫోను చేసిన అమ్మాయి మీద. అంతమంది మీద కోపం తెచ్చుకున్నా రాత్రికి మిగిలేది నేనే.

అయిదో రోజు పొద్దున ఆ లెక్క మొత్తం ఎస్సైకీ కంపెనీకీ పంపి, తప్పు నాది, ఆ అమ్మాయిది కాదని రాశాను. రాసి ఒంగోలు బస్సెక్కాను.

అక్క గోడ పక్క మంచం మీద ఉంది. కుడి చెయ్యి భుజం దాకా కట్టు, లోపల రాడ్లు వేశారు. ఎముకలు అతుక్కున్నా వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడట. అన్న పక్కన స్టూలు మీద కూర్చుని స్టీలు క్యారియర్ విప్పుతున్నాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. ఆ కంపెనీ వాళ్లను వదలొద్దు, కోర్టుకు లాగుదాం అన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నిచ్చెన, ఎండ, కోపం, బొటనవేలు, ఖాళీ గుంటలో దూర్చిన వైరు, పదకొండు వరసలు. వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. 

"అయితే బటన్ పనిచేసిందా?" అన్నాడు అన్న.

"చేసింది. నేనే ఆపినా."

ఆయన లేచి క్యారియర్‌తోనే నా చెంప మీద కొట్టాడు. అన్నం గది నిండా చెదిరింది. రెండో దెబ్బకు కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది. మూడో దెబ్బకు కింద పడ్డాను. కాలితో డొక్కలో తన్నాడు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు, నర్సు వార్డుబాయ్‌ని పిలవడానికి పరుగెత్తింది. ఒకరు ఒకటి కొడితే రెండు తిరిగి కొట్టే మనిషిని. ఆ రోజు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా అనిపించలేదు. ఇంకా కొట్టాలనే అనిపించింది. ఆయన తలకు కట్టు ఉంది, మధ్యలో తూలి మంచం పట్టీ పట్టుకుని మళ్లీ కాలెత్తాడు.

అప్పుడు అక్క మాట్లాడింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఆపు. వాణ్ని ఒక మాట అడగనీ."

ఆయన ఆగాడు. నేను కింది నుంచే ఆమె వైపు చూశాను.

"నొక్కితే మూడు నిమిషాల్లో మనుషులొస్తారు, అంతదాకా వేలు తీయొద్దక్కా అని ఆ పొద్దు నువ్వే కదా నేర్పించినావు. నేను నువ్వు చెప్పినట్లే చేసినా. మెట్లెక్కి పొయ్యేదాన్నే, వేలు తీస్తే రారేమోనని నిలబడినా. సరిగ్గానే నొక్కినానా తమ్ముడూ?"

సరిగ్గానే నొక్కావక్కా అన్నాను. ఆమె తలాడించి ముఖం గోడ వైపు తిప్పుకుంది. అన్న స్టూలు మీద కూలబడి ఏడ్చాడు. ఆయన నన్ను ఇంకా కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.